సంపెంగ మీద వాలని తుమ్మెద

ప్రబంధంలో ఉద్యానవన వర్ణన వచ్చిందంటే చాలామందిమి పేజీ తిప్పేస్తాం. అష్టాదశ వర్ణనల్లో అదొకటి. కవి లెక్క కోసం రాశాడు, మనం పరీక్ష కోసం చదివాం. విమర్శకులు కూడా ఆ తోటను కవిసమయాల చిట్టా అని తేల్చి ఊరుకున్నారు. సగం తోటల విషయంలో ఆ మాట నిజమే. ఆడది కాలితో తన్నితే అశోకం పూస్తుందనీ, పుక్కిలించిన మద్యానికి పొగడ పూస్తుందనీ, కౌగిలికి గోరంట పూస్తుందనీ రాసినవాళ్ళు ఆ చెట్ల దగ్గర నిలబడి చూసి రాశారని నేననుకోను. మిగతా సగాన్ని కూడా అదే చిట్టాలో కట్టెయ్యడం మీదనే నా అభ్యంతరం.

వసుచరిత్రలోని సంపెంగ పద్యం తీసుకోండి. అది నంది తిమ్మనదా, రామరాజభూషణుడిదా అన్న కథ అందరికీ తెలిసిందే. ఇక్కడ దానితో పని లేదు. విషయం ఇది: అన్ని పూల మీదా వాలే తుమ్మెద తననొక్కదాన్నే ఒల్లదేమని సంపెంగ నొచ్చుకుంది. తపస్సు చేసింది. నాయిక ముక్కుగా పుట్టి, చూపులనే తుమ్మెదల బారులను రెండు పక్కలా నిలుపుకుంది. మన గురువులు ఆ ముక్కు దగ్గర ఆగి ‘ఆహా’ అన్నారు. అలంకారం పేరు చెప్పారు. తుమ్మెద సంపెంగను ఎందుకు ఒల్లదో అడిగినవాళ్ళు నాకు కనబడలేదు.

అడిగితే జవాబు ఉంది. సంపెంగ మాగ్నోలియా కుటుంబపు చెట్టు, మన పడమటి కనుమల్లో సొంతంగా పెరిగేది. ఆ కుటుంబపు పూలకు పుప్పొడి మోసేవి ఎక్కువగా చిన్న చిన్న పెంకుపురుగులు. తేనె కోసం పూలు వెతికే తుమ్మెదకు అక్కడ పెద్దగా దొరికేదేమీ లేదు. అంటే, ఎవరో ఒకరు ఎప్పుడో చెట్టు కింద చాలాసేపు నిలబడి, ఎవరు వస్తున్నారో, ఎవరు రావడం లేదో చూశారన్నమాట. ఆ చూపు తరువాత కవిసమయమైంది, ఆ పైన ముక్కైంది. పద్యంలో సంపెంగకు జరిగిందన్న అవమానం మాత్రం పెరట్లో జరగలేదు. జే జాతి సీతాకోకచిలుకలు కొన్ని దాని ఆకు మీదే గుడ్లు పెడతాయి. కాయ పగిలి ఎర్రటి గింజలు బయటపడితే పక్షులు దిగుతాయి. కవికి తుమ్మెద ఒక్కటే చాలింది, మనకు చాలనక్కరలేదు.

తుమ్మెద అన్నాను గనక ఇంకొక మాట. తుమ్మెదా తేనెటీగా ఒకటి కావు. కవులు కురులతో పోల్చిన తుమ్మెద నల్లగా, లావుగా, పెద్ద రొదతో తిరిగే ఒంటరి పురుగు. ఎండుకొమ్మనో ఎండు వెదురునో తొలుచుకుని అందులో పిల్లల్ని పెడుతుంది. జిల్లేడు పూలకు అది ముఖ్యమైన చుట్టం. ఇప్పటి తోటలో ముందుగా పోయేవి ఈ రెండే: ఎండుకొమ్మ చెత్త, జిల్లేడు అరిష్టం. ఆ తరువాత తుమ్మెదలు రావడం లేదని మనమే దిగులు పడతాం.

మా రాజపాళయంలో పాత ఇళ్ళ పెరళ్ళు ఇందుకు భిన్నంగా ఉండేవి. ఎవరూ ప్రకృతిసేవ అనుకుని పెంచలేదు. కూరకు కరివేప, పులుపుకు నిమ్మ, పూజకు నందివర్ధనం, గన్నేరు. కరివేప, నిమ్మ ఆకులు నిమ్మ సీతాకోకచిలుక పిల్లలకు మేత. నందివర్ధనం ఆకు ఒక పెద్ద చిమ్మట పురుగుకు, గన్నేరు ఆకు ఇంకొక సీతాకోకచిలుక పురుగుకు. కొత్త ఇళ్ళకు పరచిన పచ్చగడ్డి వచ్చింది, క్రోటన్లు వచ్చాయి. గోడవారన నిటారుగా నిలబెట్టిన చెట్టును అశోకమంటున్నారు, అది నరమామిడి. ఎర్రగుత్తుల అసలు అశోకం వేరు. లంటానా లాంటి పరదేశపు పువ్వు కూడా సీతాకోకచిలుకకు తేనె ఇస్తుంది, కాదనను. కానీ తేనె వచ్చిపోయే అతిథికి. పిల్లల్ని సాకేది ఆకు. ఏ పురుగూ ముట్టని ఆకును మనం ఆరోగ్యమంటున్నాం. సాహిత్యంలోనూ ఇదే పక్షపాతం: సీతాకోకచిలుక మీద ఎన్ని గీతాలో, గొంగళిపురుగుకు అన్ని తిట్లు.

కరుణశ్రీ పుష్పవిలాపం సంగతి కూడా చెప్పాలి. ఘంటసాల గొంతులో అది విని ఏడవని ఇల్లు లేదు. ఏడ్చింది దేనికి? కొమ్మ అనే తల్లి నుంచి విడదీస్తున్నారనీ, సూదితో గుచ్చుతున్నారనీ. ఆ పూలు తమ పని కూడా చెప్పుకున్నాయి: గాలికి వాసన ఇస్తున్నామనీ, చేరవచ్చిన తుమ్మెదలకు తేనె విందు చేస్తున్నామనీ. పద్యానికి బలం అక్కడుందని నా అభిప్రాయం. కోసినవాడు పువ్వును చంపడమే కాదు, ఇంకొకరి విస్తరి లాగేస్తున్నాడు. మనం కన్నీటిని కంఠస్థం చేసి ఆ లెక్కను వదిలేశాం.

ఇక ఆముక్తమాల్యద. కన్నడసీమ నుంచి ఏలిన రాజు ఒక తమిళ ఊరిని తెలుగులో రాశాడు. మాబోటివాళ్ళకు ఇంతకంటె సొంత పుస్తకం ఏముంటుంది? ఆ శ్రీవిల్లిపుత్తూరు మాకు బస్సులో అరగంట. తెల్లవారుజామున పొలం కాలవల్లో బాతులు రెక్కల్లో తలలు దూర్చి నిద్రపోతుంటాయి. స్నానం చేసిన బ్రాహ్మలు పిండి పెట్టి మరిచిన బట్టలనుకుని తలారులు ఇచ్చివేయడానికి దిగుతారు. బాతులు బెదిరి పారిపోతాయి. వరిచేను కాసే ఆడవాళ్ళు నవ్వుతారు. ఏ లక్షణగ్రంథమూ రాయలకు ఈ బాతులను ఇవ్వలేదు. ఊరి వర్ణనలో మేడలతో సమానంగా ఇవి నిలిచాయంటే, ఊరంటే ఎవరెవరో ఆయనకు తెలుసు. ఇవాళ ఊరికి పడమట కొండలో బూడిదరంగు పెద్ద ఉడుతకు 1988 నుంచి అభయారణ్యం ఉంది, 2021లో అది పులుల అభయారణ్యంలో కలిసింది. మంచిదే. కొండ దిగాక కాలవగట్టూ, పెరడూ మాత్రం ఎవరి లెక్కలోనూ లేవు.

నిఘంటువులు మనకు చేసిన అపకారం ఇక్కడే తెలుస్తుంది. కురవకము? ఒకానొక చెట్టు. వకుళము? వృక్షవిశేషము. తెలుగునాట చదివేవాడికి పక్కన చెప్పేవాళ్ళుంటారు. తమిళనాడులో 2006 చట్టం తరువాత మా పిల్లల బడి చదువులో తమిళం తప్పనిసరి అయింది. తెలుగు ఇంట్లో మిగిలింది. ఆ ఇంటి తెలుగులో చెట్ల పేర్లు చెట్టు ఉన్నంతకాలమే ఉంటాయి. పెరట్లో పొగడ లేని పిల్లకు పద్యంలో పొగడ ఏమని చెప్పను? వృక్షవిశేషమనా?

అందుకని నా వసుచరిత్ర ప్రతి అంచుల్లో నేనే టీక రాయడం మొదలుపెట్టాను. పొగడ దగ్గర: ‘తెల్లవారేసరికి పూలు రాలి ఉంటాయి, వాడినా వాసన పోదు, పండు నారింజరంగు, గబ్బిలాలూ పక్షులూ తింటాయి.’ సంపెంగ దగ్గర: ‘పెంకుపురుగులు.’ గోరంట దగ్గర అంచు ఖాళీగానే ఉంది. మా వీధిలో ఆ పొద ఉన్న చివరి పెరటికి కిందటేడు సిమెంటు పోశారు.