అరచేతిలోని అక్షరములు



కొత్త వస్తువును గూర్చిన వార్త రెండు మారులు వ్రాయబడవలెను. ఒకటి అది పుట్టిన దినమున; రెండవది అది కొన్నవారి చేతులలో ఒక సంవత్సరము మెలగిన తరువాత. అయితే మన కాలమున మొదటి వార్త గొప్ప అక్షరములతో వచ్చును గాని, రెండవది వచ్చుట అరుదు. తొట్టిల యొద్ద పాడువారు అనేకులు. పాడె మోయువారు కనబడరు. ఈ నెల అట్టి యొక వస్తువు పుట్టుకను, మరణమును మీ యెదుట నుంచి, దానిని పొగడినవారిని, తెగడినవారిని దేవుని వాక్యపు త్రాసులో తూచి చూడగోరుచున్నాను. ఇది అమెరికా దేశపు సంగతియే. అయినను అక్కడ ఉదయమున పలికిన పొగడ్త సాయంకాలమునకు మన తెలుగు ఇండ్లలోని ఫోనులకు చేరుచున్నది గనుక మనకు సంబంధము లేని సంగతి కాదు.

ఆ వస్తువు పేరు ఏఐ పిన్. దానిని చేసిన కంపెనీ పేరు హ్యూమేన్. ఆ మాటకు దయగలది అని అర్థము. ఆపిల్ కంపెనీలో పనిచేసి బయటికి వచ్చిన ఇమ్రాన్ చౌధరి, బెథనీ బోంజోర్నో అను దంపతులు దానిని స్థాపించిరి. ధనవంతులు 23 కోట్ల డాలర్లకు పైగా పెట్టుబడి పెట్టిరి. 2023 నవంబరు 9వ తేదీన వారు తమ వస్తువును లోకమునకు చూపిరి. అది చొక్కాకు రొమ్ముమీద తగిలించుకొను చిన్న పలక. బట్టకు ఈవల పలక, ఆవల బ్యాటరీ. రెంటిని అయస్కాంతము పట్టియుంచును. దానికి తెర లేదు. కెమేరా, మైకు, స్పీకరు కలవు. మీరు అడిగినదానికి కృత్రిమ మేధ జవాబు చెప్పును. అక్షరములు చూడవలెనన్న అరచేతిని దాని యెదుట చాపవలెను. అది లేసరు కాంతితో మీ అరచేతిలో ఆకుపచ్చని అక్షరములు వ్రాయును. దాని వెల 699 డాలర్లు. అంతటితో తీరదు, నెలకు 24 డాలర్లు చందా కట్టవలెను. లెక్క వేసికొనుడి: మొదటి సంవత్సరమునకే 987 డాలర్లు.

మనుష్యులు ఫోనుతెరకు దాసులైరి, ఈ పలక వారిని విడిపించును అనునదే ఆ కంపెనీవారి బోధ. ఆ రోగమును గూర్చి వారు చెప్పినది అబద్ధము కాదు. భోజనపు బల్లయొద్ద తలలు వంచుకొని కూర్చున్న కుటుంబమును చూచిన ప్రతి కాపరి దానికి ఆమేన్ అనును. అయితే రోగమును సరిగా పేరుపెట్టి పిలిచినంత మాత్రమున ఔషధము సరియైనది కానేరదు. అమ్ముకొనువాడు తరచుగా మన రోగమును నిజముగా చెప్పియే మన నమ్మకమును సంపాదించును.

ఇక పొగడినవారి సంగతి. టైమ్ అను ప్రసిద్ధ పత్రిక 2023వ సంవత్సరపు శ్రేష్ఠమైన కల్పనల పట్టికలో ఈ పలకకు చోటిచ్చెను. అప్పటికి అది ఒక్క కొనుగోలుదారునికైనను చేరలేదు. చేరినది 2024 ఏప్రిల్ మాసమున. అంతేకాదు, ఆ పత్రిక యజమానులు ఆ కంపెనీలో పెట్టుబడి పెట్టినవారిలో నుండిరి. ఆ సంగతిని పత్రిక తన వ్రాతలో దాచలేదు. అందుకు దానిని మెచ్చుకొందము. అయినను పంట కోయకమునుపే కొలచి గాదెకు ఎత్తినట్లు వ్రాయుట ఏపాటి న్యాయము? వాడి చూడని వస్తువును శ్రేష్ఠమనుట సమీక్ష కాదు, అది ప్రవచనము. ప్రవచనమునకు మోషే ధర్మశాస్త్రమున ఒక పరీక్ష కలదు. ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయము చివర చూడుడి: పలికిన మాట జరుగనియెడల అది ప్రభువు పంపిన మాట కాదనియు, దానికి భయపడ నక్కరలేదనియు తేటగా నున్నది.

ఈ పలక విషయమున ఆ పరీక్షకు ఎక్కువ కాలము పట్టలేదు. కంపెనీవారు మొదటి దినమున చూపిన చిత్రములోనే దానిని, తరువాత రానున్న సంపూర్ణ సూర్యగ్రహణము ఎప్పుడు, ఎక్కడనుండి చూచుట మేలు అని అడిగిరి. 2024 ఏప్రిల్ 8 అని తేదీ సరిగానే చెప్పి, చోటు మాత్రము ఆస్ట్రేలియా అనియు తూర్పు తైమూరు అనియు చెప్పెను. ఆ గ్రహణము సంపూర్ణముగా కనబడినది మెక్సికో, అమెరికా, కెనడా దేశములలో. గుప్పెడు బాదం పప్పులు చూపి మాంసకృత్తు ఎంత అని అడుగగా 15 గ్రాములని ఆ గుప్పెడులో ఉండగలదానికి మించిన లెక్క చెప్పెను. తప్పులను ఇతరులు పట్టిచూపిన తరువాత కంపెనీవారు ఆ చిత్రమును దిద్దిరి. చదువరీ, ఇచ్చట నిలిచి ఆలోచించుము. అమ్మువాడు తాను ఏర్పరచుకొన్న ప్రశ్నకు, తాను ఏర్పరచుకొన్న దినమున వచ్చిన జవాబునే సరిచూచుకొనలేదు. అయినను పొగడ్త ఆగలేదు. తెలియని సంగతిని తెలియదని చెప్పక నిబ్బరముగా పలుకు నోటిని మన జనులు జ్ఞానమని భ్రమపడుట ఈ కాలపు గొప్ప అపాయము.

2024 ఏప్రిల్ మాసమున సమీక్షకులు దానిని తగిలించుకొని తిరిగి చూచిరి. జవాబు ఆలస్యమగుచున్నదనియు, పలక వేడెక్కుచున్నదనియు, బ్యాటరీ త్వరగా తరిగిపోవుచున్నదనియు, ఎండలో అరచేతి అక్షరములు చదువ శక్యము కాదనియు వ్రాసిరి. వారిలో మార్క్వెస్ బ్రౌన్లీ అను యువకుడు, యూట్యూబులో కోట్లమంది చూచువాడు, తాను అంతవరకు సమీక్షించినవాటిలో ఇదియే మిక్కిలి చెడ్డదని శీర్షికలోనే చెప్పెను. వెంటనే గొప్ప వివాదము పుట్టెను. అంతమంది వినువాడు అప్పుడే నిలువబడుచున్న చిన్న కంపెనీని ఒక్క మాటతో కూల్చుట ధర్మమా అని కొందరు అడిగిరి. సమీక్ష అనునది అంతకుముందే జరుగుచున్నదానిని త్వరపరచునే గాని లేనిదానిని పుట్టింపదని అతడు బదులు చెప్పెను.

ఈ వివాదమున నేను సమీక్షకుని పక్షమున నిలుతును. ఏలయనగా అతనిని నిందించినవారు ఒక మనుష్యుని మరచిరి. ఆ కంపెనీకి కోట్ల పెట్టుబడి కలదు, మాటకారులు కలరు, పత్రికలు కలవు. 699 డాలర్లు చేతపట్టుకొని కొనవచ్చునా మానవచ్చునా అని ఆలోచించువానికి ఎవరు కలరు? సమీక్షకుడు వాని పొరుగువాడు. సామెతల గ్రంథము 27వ అధ్యాయమున జ్ఞాని చెప్పినది ఇదియే: ప్రేమించువాడు గాయపరచినను అందులో నమ్మకము కలదు, పగవాని ముద్దులు లెక్కలేనివి. దొంగ త్రాసును దేవుడు అసహ్యించుకొనుననిన, దొంగ పొగడ్త కూడ దొంగ త్రాసే కదా! దానివలనను తూకము తప్పును, బీదవాని రూక పోవును.

అయితే తెగడినవారిలో మరియొక జాతి కలదు. వారు వస్తువును పరీక్షింపలేదు. పడిపోయినవానిని చూచి చప్పట్లు కొట్టిరి. ఆ కంపెనీలో నెలజీతమునకు పనిచేసినవారు కలరు, వారి కుటుంబములు కలవు. ఎగతాళి చేయువారి నడుమ ఆసనము వేసికొనవద్దని మొదటి కీర్తన మనలను హెచ్చరించుచున్నది. సరకు చెడ్డదని చెప్పుట ధర్మము. చేసినవాడు చెడినందుకు సంతోషించుట పాపము. ఈ రెంటికి నడుమనున్న గీత సన్ననిది గాని, కనబడని గీత కాదు.

ఇక మరణవార్త వినుడి. 2024 జూన్ మాసమున కంపెనీవారే, ఛార్జి చేయు పెట్టెవలన నిప్పు పుట్టు అపాయము కలదు, వాడవద్దని కొన్నవారికి తెలియజేసిరి. ఆ యేడు అక్టోబరులో వెలను 499 డాలర్లకు తగ్గించిరి. 2025 ఫిబ్రవరి 18వ తేదీన హెచ్.పి. కంపెనీ 11 కోట్ల 60 లక్షల డాలర్లకు వారి విద్యను, హక్కులను, పనివారిలో అనేకులను తీసికొనుచున్నట్టు ప్రకటన వచ్చెను. పలకలను మాత్రము ఎవరును తీసికొనలేదు. అదే నెల 28వ తేదీన వాటి సేవ నిలిపివేయబడెను. పది దినముల గడువు! అంతటితో అవి మాటలాడవు, వెదకవు, జవాబు చెప్పవు. కంపెనీ సర్వరులలోనున్న వ్రాతలు, చిత్రములు తుడిచివేయబడునని చెప్పిరి. చివరి 90 దినములలో చేరినవాటికే సొమ్ము తిరిగి వచ్చును. అంతకుముందు కొన్నవారికి ఏమియు లేదు. ఇకమీదట ఆ పలక ఏమి చేయగలదనగా, తనలో ఎంత ఛార్జి మిగిలియున్నదో చెప్పుట వంటి పనులు చేయగలదని తెలియజేసిరి. తనలో నూనె ఎంత ఉన్నదో చెప్పి, వెలుగు మాత్రము ఇయ్యని దీపమువంటిదాయెను!

చదువరీ, ఇది తయారీ లోపము మాత్రమే అనుకొనవద్దు. ఆ పలక యొక్క ప్రాణము పలకలో లేదు. దూరమున కంపెనీ నడిపించు కంప్యూటర్లలో నుండెను. కొన్నవారు శరీరమును కొనిరి, ప్రాణమును అద్దెకు తీసికొనిరి. మీ నాయనగారి గోడగడియారము చేసిన కంపెనీ మూతపడినను గడియారము ఆగలేదు. నేటి వస్తువులలో అనేకము అట్టివి కావు. చేసినవాడు విడిచిన దినమున అవి చచ్చును. కొనుటకు మునుపు ఈ సంగతిని మనకు చెప్పవలసినది వార్త వ్రాయువాడు. దానిని చెప్పక రంగును, మెరుగును, వేగమును మాత్రమే వర్ణించినవాడు పెండ్లికుమారుని అంగీని వర్ణించి ఆయుష్షును దాచిన పెండ్లిపేరయ్య వంటివాడు.

కొత్త విద్య అంతయు వ్యర్థమని నేను చెప్పుచున్నానని తలంపవద్దు. డెన్మార్కు దేశమున చూపు తగ్గిన హాన్స్ యోర్గెన్ వీబర్గ్ అనునాయన ఆలోచనవలన బీ మై ఐస్ అను ఏర్పాటు 2015లో మొదలాయెను. చూపు లేనివారు తమ ఫోను కెమేరాను ఎత్తి చూపగా, ఎక్కడనో ఉన్న చూపుగలవారు ఉచితముగా ఆ సీసాపై తేదీ ఇది, ఈ చొక్కా రంగు ఇది అని చదివి చెప్పుదురు. 2023 మొదలుకొని కృత్రిమ మేధయు అందులో చిత్రములను వర్ణించి చెప్పుటకు చేరినది. అదియు సర్వరుమీదనే ఆధారపడును, అదియు తప్పు చెప్పవచ్చును. అయితే దాని వాగ్దానము చిన్నది, అవసరము నిజమైనది, చేతనున్న ఫోనే చాలును, అప్పు చేయనక్కరలేదు. వస్తువు గొప్పతనము దాని వాగ్దానపు ఎత్తులో లేదు. వాగ్దానమునకును నెరవేర్పునకును నడుమనున్న దూరము తక్కువగుటలో నున్నది.

కాబట్టి క్రొత్త వస్తువు వార్త చదివినప్పుడు మూడు ప్రశ్నలు అడుగుడి. పొగడుచున్నవాడు దీనిని ఎన్ని దినములు వాడెను? పొగడినందున వానికి కలుగు లాభమేమి? చేసినవాడు రేపు విడిచిపోయినచో నాకు ఏమి మిగులును? బురుజు కట్టదలచినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్కవేయునని ప్రభువు లూకా 14వ అధ్యాయమున చెప్పెను గదా. మన సంఘములలో పిల్లల ఫీజు వెనుకబెట్టి నెలవాయిదాలమీద ఫోను కొనుచున్న గృహములు కలవు. ఆ వాయిదా తీరకముందే వస్తువు పాతదని వార్తలు వచ్చును. లెక్క వేయుట పిసినారితనము కాదు; అది గృహనిర్వాహకుని ధర్మము.

ఇంకొక మాట చెప్పక ముగించుట న్యాయము కాదు. తీర్పు దేవుని యింటియొద్దనే ఆరంభము కావలెను. టైమ్ పత్రికను తప్పుపట్టు మనము మన గోడలమీది ప్రకటనలను చదువుదము. సభలు ఇంకను జరుగకమునుపే గ్రుడ్డివారు చూచెదరు, కుంటివారు నడిచెదరు అని రంగుల అక్షరములతో అచ్చు వేయుచున్నవారు మనలో లేరా? సభ ముగిసిన సంవత్సరమునకు ఆ రోగి యెట్లున్నాడని అడిగి అచ్చువేయు పత్రిక ఏది? అమ్మకపువాడు సరకు విషయమున చేసినదానిని మనము ప్రభువు నామమున చేసినయెడల, మన తప్పు వాని తప్పుకంటె పెద్దది. సమస్తమును పరీక్షకు పెట్టుమని పౌలు థెస్సలొనీకయులకు వ్రాసినది కంపెనీల నిమిత్తము కాదు, సంఘములో వినబడు ప్రవచనముల నిమిత్తము. నెరవేరెనా అని అడుగువానిని అవిశ్వాసి అనకుడి. అతడు మందను ప్రేమించువాడు.

ఆ పలక అరచేతిలో వ్రాసిన అక్షరములు ఎండ తగులగానే చదువరాక పోయెను. 2025 ఫిబ్రవరి తరువాత నీడలోనైనను వ్రాయబడలేదు. అయితే మరియొక అరచేయి కలదు. తాను మరువబడితినని సీయోను ఏడ్చినప్పుడు, నిన్ను నా అరచేతులలోనే చెక్కియుంచితినను భావముతో దేవుడు బదులిచ్చెనని యెషయా 49వ అధ్యాయము చెప్పుచున్నది. అది కాంతితో వ్రాసినది కాదు, చెక్కినది. దానికి నెలచందా లేదు, గడువు తేదీ లేదు. వెల యంతయు ఆయనయే కల్వరిలో చెల్లించెను. వస్తువులను వస్తువులుగా కొనుడి, వాడుడి, అవసరము తీరిన తరువాత విడుచుడి. మీ నిరీక్షణను మాత్రము ఆ చేతులలో నుంచుడి.