సిఫార్సు ఉత్తరం

ఆగస్టు వచ్చిందంటే మా డిపార్ట్‌మెంట్ గుమ్మం దగ్గర పాత విద్యార్థులు కనిపిస్తారు. చేతిలో ఫైలు, ముఖంలో మొహమాటం. ‘‘సార్, ఎల్‌ఓఆర్...’’ అమెరికాలో డాక్టర్ల రెసిడెన్సీ శిక్షణకు దరఖాస్తులు సెప్టెంబరులో మరి. ఇన్నేళ్లలో అలాంటి ఉత్తరాలు ఎన్ని రాశానో లెక్కపెట్టుకోలేదు. పెట్టుకోవాలంటే భయం కూడా.

సర్కారు సొమ్ముతో చదివి పరాయి దేశానికి పోతారా అని తిట్టేవాళ్ల మాట నాకు పూర్తిగా ఎక్కదు. సర్కారు బాకీని బాండు రాయించుకుని వసూలు చేయొచ్చు. అసలు బాకీ జనరల్ వార్డులో ఉంది. స్ప్లీన్ వాచిన కూలీమనిషి మంచం చుట్టూ పదిమంది విద్యార్థులు చేరి, ఒకరి తర్వాత ఒకరు చల్లటి చేతులతో పొట్ట నొక్కుతారు. ‘‘ఊపిరి పీల్చు, వదులు’’ అన్నప్పుడల్లా ఆయన పీల్చి వదులుతాడు. నొక్కొచ్చా అని అడిగినవాణ్ణి నేను చూడలేదు. నేనూ అడగలేదు.

ఈ వలసను ఆపాలని సర్కారు చూడకపోలేదు. డాక్టర్లకు ‘తిరిగి రానక్కర్లేదు’ అనే ధ్రువపత్రం ఇవ్వకూడదని 2011లో కేంద్రం నిర్ణయించింది. జె-1 వీసాపై శిక్షణ పొందినవాళ్లు రెండేళ్లు స్వదేశంలో ఉండి తీరాలన్నది అమెరికా పెట్టిన నియమమే. 1994లో దానికి వాళ్లే ఓ దారి తెరిచారు. ఆ దేశంలో డాక్టర్లు దొరకని చోట మూడేళ్లు పనిచేస్తే ఆ రెండేళ్లు మాఫీ. ఇప్పుడు అక్కడ ఒక్కో రాష్ట్రానికి ఏటా 30 మందికి ఆ వీలుంది. మన పల్లెకు పోనన్న పిల్లలు వాళ్ల పల్లెలకు సంతోషంగా పోతారు.

మొన్న వచ్చిన అమ్మాయితో ఇదే అన్నాను. ‘‘ఆ మూడేళ్లేవో ఇక్కడే చేయకూడదామ్మా?’’

‘‘చేశాను సార్, పదకొండు నెలలు. పీహెచ్‌సీలో, కాంట్రాక్టు మీద. ఓ రాత్రి పాము కరిచిన మనిషిని తెచ్చారు. మందు ఉంది, ఎక్కించాను. ఊపిరి అందక కొట్టుకుంటుంటే చూస్తే ఆక్సిజన్ సిలిండరు ఖాళీ. అంబులెన్సు వచ్చేసరికి...’’

తర్వాత ఏమైందో చెప్పలేదు. నేను అడగలేదు.

ఉత్తరం రాశాను. చేత్తో రోగిని పరీక్షించడంలో మా బ్యాచుల్లో ఈమెకు సాటి తక్కువని, స్కాను కంటే ముందు వేళ్లతోనే స్ప్లీన్ వాపు పసిగడుతుందని రాశాను. అది నిజమే. ఎక్కడ నేర్చుకుందన్న చోట కాలేజీ పేరు, కింద నా సంతకం పెట్టాను.