ఒక్క తూటాకు రెండు వేల డాలర్లు

అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో బిగ్ టింబర్ అనే చిన్న ఊరుంది. అక్కడి షైలో కంపెనీ 1874 నాటి షార్ప్స్ రైఫిల్‌కు కొత్త నకళ్లు తయారుచేస్తుంది. ధర రెండు వేల డాలర్ల పైమాటే. ఆర్డరిచ్చాక నెలల తరబడి ఆగాలి. ఇంతా చేసి అందులో పట్టేది ఒక్కటే తూటా. మ్యాగజీన్ ఉన్న మామూలు వేట రైఫిల్ అదే దేశంలో ఐదు వందల డాలర్లకు దొరుకుతుంది. ఎక్కువ పేల్చేది చవక, ఒక్కటే పేల్చేది ప్రియం!

తెలంగాణలోని మోత్కూర్ వైపు వాళ్లకు ఈ లెక్క వింతగా తోస్తే తప్పులేదు. నల్లగొండ పల్లెల్లో ఒంటి తూటా తుపాకీ అంటే భర్మారే. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించాలి. చేయి తిరిగినవాడికి కూడా నిమిషానికి రెండు మూడు సార్లు పేల్చడమే గొప్ప. వాన కురిస్తే అదీ లేదు. 1946 జులై 4న కడవెండిలో దొరల మీద పోరులో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన నాటికి రైతుల సంగం చేతిలో భర్మార్లు కూడా అరుదే. గుత్పలు, వడిసెలలు, ఆడవాళ్ల చేతుల్లో రోకళ్లు, కారంపొడి, వీటితోనే నిలబడ్డారు. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ నిజాం పాలనపై సాయుధ పోరుకు పిలుపునిచ్చారు. వీరిలో రావి నారాయణరెడ్డి సొంతూరు బొల్లేపల్లి, ఇప్పుడు మోత్కూర్ ఉన్న యాదాద్రి భువనగిరి జిల్లాలోనిదే. దొరల గడీల్లోని తుపాకులు పోరాట దళాల చేతికి చిక్కడంతో పోరాటం తీరు మారింది. 1951 అక్టోబరులో విరమించేదాకా భర్మారు పక్కనే త్రీనాట్‌త్రీ కూడా నడిచింది.

షార్ప్స్ లాంటివి భర్మారుకు తర్వాతి తరం. తూటా మూతిలోంచి కాదు, వెనక నుంచి ఎక్కుతుంది. కిందనున్న మీటను ముందుకు తోస్తే గొట్టం వెనకున్న ఇనుప దిమ్మె గాడిలో కిందికి జారుతుంది. తూటా పెట్టి మీట వెనక్కి లాగితే దిమ్మె పైకి లేచి దారి మూసేస్తుంది. పేలుడు తాకిడినంతా ఆ దిమ్మె, దాని చుట్టూ ఉన్న గాడి గోడలు కాయాలి. సందు ఎక్కువైతే ముప్పు, తక్కువైతే దిమ్మె కదలదు. యంత్రం ఎంత కోసినా, చివరి సర్దుబాటుకు మనిషి కన్నూ ఆకురాయీ కావలసిందే. డబ్బులో పెద్ద వాటా ఇక్కడే పోతుంది.

మిగతాది సింగారం. ఇనుప భాగాలను ఎముకల బొగ్గులో పెట్టి కాల్చి, ఒక్కసారిగా నీళ్లలో ముంచుతారు. పైపొర గట్టిపడుతుంది, దాంతోపాటు నీలం, గోధుమ, ఊదా చారలు తేలుతాయి. ఏ రెండింటికీ ఒకే వన్నె రాదు. అక్రోటు చెక్కకు నూనె పూతలు, ఆరబెట్టడాలు వేరే. కొనేవాడు కొంత గురికీ, చాలావరకు ఈ వన్నెకూ డబ్బు పెడతాడనే అనిపిస్తుంది. 1990లో వచ్చిన 'క్విగ్లీ డౌన్ అండర్' సినిమా కూడా గిరాకీని బాగా పెంచింది.

ఇలాంటి మరో రైఫిల్‌ది ఇంకా మంచి కథ. జాన్ బ్రౌనింగ్ తన ఒంటి తూటా రైఫిల్ హక్కులను 1883లో వించెస్టర్ కంపెనీకి 8,000 డాలర్లకు అమ్మాడు. అదే 1885 మోడల్‌గా బజారుకొచ్చింది. ఇవాళ దాని నకళ్లు జపాన్‌లో మిరోకు, ఇటలీలో ఉబెర్టీ చేస్తున్నాయి. పెద్ద ఎత్తున యంత్రాల మీద చేస్తారు కనుక షైలో కంటే చవక.

మనకు ఆయుధాల తయారీ విద్య కొత్తేమీ కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం పారశీక వర్తకులు వెతుక్కుంటూ వచ్చేవారు. నిజాం కొలువులో ఫ్రెంచివాడు రేమండ్ పెట్టిన ఫిరంగుల కార్ఖానా పేరు హైదరాబాద్‌లో గన్‌ఫౌండ్రీగా ఇప్పటికీ వాడుకలో ఉంది.

కానీ ఇప్పుడు మోత్కూర్ వాసి ఒకరు షార్ప్స్ నకలు కావాలనుకుంటే రెండు వేల డాలర్లున్నా లాభం లేదు. మామూలు వ్యక్తులు విదేశీ తుపాకులు తెప్పించుకోవడం 1980ల నుంచే బంద్. దేశంలో లైసెన్సుతో తుపాకులు చేసే కార్ఖానాలు బిహార్‌లోని ముంగేర్ లాంటి చోట్ల ఉన్నాయి. అక్కడ కొనాలన్నా చేతిలో 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సుండాలి.

కాబట్టి తెలంగాణకు ఒంటి తూటా తుపాకీ విలువ మ్యూజియంలోనే. పోరాట చరిత్ర చూపదలచినవారికి పేలే నకలు అక్కర్లేదు. ఊరి కమ్మరి, వడ్రంగి కలిసి చేసిన, గొట్టం పూర్తిగా మూసిన నమూనా చాలు. దాని ఖర్చు డాలర్లలో లెక్కించాల్సినంత ఉండదు, పైగా ఆ కూలి ఊళ్లోనే ఉంటుంది.

ఇక అటక మీద తాతల నాటి భర్మారు తుప్పుపట్టి పడి ఉన్నవారికి ఒక మాట. దాన్ని పాత ఇనుప సామానువాడికి వేయకండి, తోమి మెరిపించకండి, మందు దట్టించి చూడాలన్న సరదా అసలే వద్దు. బాగుచేసినా పేలని పాతకాలపు ఆయుధాలకు ఆ ఆయుధ చట్టంలోని 45వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. అయితే అది పేలుతుందా లేదా అన్నది ఇంటాయన తేల్చే సంగతి కాదు. ముందు పోలీసుస్టేషన్‌లో చెప్పండి, ఆ తర్వాత రాష్ట్ర వారసత్వ శాఖకు ఓ ఉత్తరం రాయండి.