కోరస్‌కి మైకిచ్చిన సిల్వెస్టర్

‘యూ మేక్ మీ ఫీల్ (మైటీ రియల్)’ మొదట్లో ఇప్పటిలా పరుగెత్తే పాట కాదు. గిటారిస్టు జేమ్స్ విరిక్‌తో కలిసి అమెరికన్ గాయకుడు సిల్వెస్టర్ కట్టినప్పుడు అది పియానో మీద నింపాదిగా సాగే చర్చి తరహా పాట. శాన్‌ఫ్రాన్సిస్కోలోని సిటీ డిస్కోలో రిహార్సల్ జరుగుతుంటే అక్కడ లైట్లు చూసుకునే ప్యాట్రిక్ కౌలీ చెవిన పడింది. సింథసైజర్ల పిచ్చోడు. దీన్ని నేను మారుస్తానంటూ ముందుకొచ్చాడు. 1978లో ఆ పాట అమెరికా డిస్కో చార్టులో మొదటి స్థానానికి ఎక్కింది.

కౌలీ మార్చింది నడకే. గొంతు తయారైంది మాత్రం లాస్ ఏంజెలస్‌లోని వాట్స్ పేటలో, పెంతెకొస్తు చర్చిలో. 1947లో పుట్టిన సిల్వెస్టర్ పసితనంలోనే అక్కడ గాస్పెల్ పాడేవాడు. మగవాళ్లంటే ఇష్టపడే పిల్లాడని తెలిశాక ఆ చర్చిలో అతనికి చోటు లేకపోయింది. టీనేజిలోనే ఇల్లూ వదిలాడు. వెనకేసుకొచ్చింది అమ్మమ్మ జూలియా మోర్గాన్. ఒకప్పుడు ఆవిడా బ్లూస్ పాడిన మనిషే. 1970లో శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లి, గడ్డాలకి మెరుపులద్దుకుని గౌన్లలో ఆడే కాకెట్స్ బృందంలో చేరాడు. అంత గోలలోనూ పాత బ్లూస్, జాజ్ పాటల్ని శ్రద్ధగా పాడేవాడు.

అతని ఆయుధం ఫాల్సెట్టో, అంటే మగగొంతు మామూలు హద్దు దాటి పైకెళ్లి సన్నబడటం. చాలామంది అక్కడికి చేరాక మెత్తబడిపోతారు. సిల్వెస్టర్ అక్కడే కేక పెడతాడు. ‘మైటీ రియల్’ చివర్లో, భజన పతాక స్థాయికి చేరినప్పటిలా ఒక్క మాటనే పట్టుకుని తిప్పి తిప్పి అంటాడు. ఎక్కడ సాగదీస్తాడో, ఎక్కడ తుంచేస్తాడో ఊహకందదు. కింద యంత్రం కొలత తప్పకుండా కొడుతూ ఉంటుంది గనకే పైన గొంతు అంత ఇష్టారాజ్యంగా తిరగగలిగింది. డిస్కో అంటే దరువు తప్ప ఏముందనేవాళ్లు ఆ చివరి భాగం వినాలి.

వెనక పాడింది మార్తా వాష్, ఐజోరా రోడ్స్. భారీ మనుషులు, అంతకన్నా భారీ గొంతులు. వాళ్ల జంటకి ‘టూ టన్స్ ఓ ఫన్’ అనే పేరూ అలా వచ్చిందే. 1979 మార్చి 11న శాన్‌ఫ్రాన్సిస్కో వార్ మెమోరియల్ ఆపెరా హౌస్‌లో సిల్వెస్టర్ కచేరీ. ఆ రాత్రి పాటలు ‘లివింగ్ ప్రూఫ్’ ఆల్బమ్‌లో ఉన్నాయి. ‘యూ ఆర్ మై ఫ్రెండ్’ మధ్యలో, వాద్యాలు మోగుతుండగానే, అతను ఆ ఇద్దరినీ సభకి పరిచయం చేసి పాట వాళ్ల చేతుల్లో పెడతాడు. ఇక వాళ్ల విజృంభణే. ఊరంతా తన కోసం వచ్చిన రోజున ఆ పని చేసే స్టార్లు ఎందరుంటారు?

ఆ ఇద్దరే వెదర్ గర్ల్స్‌గా 1982లో ‘ఇట్స్ రెయినింగ్ మెన్’ పాడారు. 1990లో వచ్చిన ‘గానా మేక్ యూ స్వెట్’లోనూ గొంతు మార్తాదే. వీడియోలో పెదాలు కదిపింది మాత్రం ఒక సన్నటి అమ్మాయి. తన గొంతుకి తన పేరు కావాలని మార్తా కోర్టుకెక్కాల్సి వచ్చింది.

సిల్వెస్టర్‌లో కూడా జనం ముందుగా చూసింది విగ్గులూ తళుకులనే. 1986 చివర్లో టీవీలో వ్యాఖ్యాత జోన్ రివర్స్ అతన్ని డ్రాగ్ క్వీన్, అంటే ఆడవేషం కట్టి ఆడేవాడు, అనేసింది. ‘డ్రాగ్ క్వీన్‌ని కాను, సిల్వెస్టర్‌ని’ అని అక్కడికక్కడే అడ్డుకున్నాడు.

కౌలీ 1982లోనే ఎయిడ్స్‌తో పోయాడు. 1988 జూన్‌లో ఎయిడ్స్ రోగుల బృందంతో కలిసి సిల్వెస్టర్ చక్రాల కుర్చీలో స్వలింగ ప్రేమికుల ప్రైడ్ ఊరేగింపుకి వచ్చాడు. దాచుకోవడం అతనికి చేతకాదు. డిసెంబర్ 16న, 41 ఏళ్లకే కన్నుమూశాడు. పాటల మీద రాబోయే రాయల్టీలన్నీ రెండు సంస్థలకి రాసి వెళ్లాడు. ఒకటి ఎయిడ్స్ ఎమర్జెన్సీ ఫండ్, రెండోది రోగులకి భోజనం వండి పంపే ప్రాజెక్ట్ ఓపెన్ హ్యాండ్. తీసుకున్న అడ్వాన్సుల బాకీ చాలా ఉండటంతో ముందు ఆ లెక్క తీరాల్సి వచ్చింది. ఆ సంస్థలకి డబ్బు అందింది ఏళ్ల తర్వాతే.