ప్రింటరు పేరు ఎవరిది?

2025 సెప్టెంబరు 3న జీఎస్టీ కౌన్సిల్ కూర్చుంది, 22 నుంచి కొత్త రేట్లు. ఆ సోమవారమే దసరా నవరాత్రులు మొదలు. చాలా మందుల మీద 12 శాతం కాస్తా 5 అయింది. సబ్బులు, తలనూనెలు 18 నుంచి 5కి దిగాయి, సిమెంటు 28 నుంచి 18కి. సిగరెట్ల మీద మాత్రం పాత 28 అప్పటికి అట్లాగే ఉండిపోయింది. పొగాకు వేలం కేంద్రం ఉన్న కనిగిరిలో ఈ ఒక్కటీ విడిగా గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే రేట్ల పట్టికలోంచి 28ని ఊరికే కొట్టేయడానికి లేదు.

ఢిల్లీలో నోటిఫికేషన్ ఇస్తే రేటు మారిపోతుంది. కొట్లో కంప్యూటరుకు ఆ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి, అంటే కొత్త వెర్షన్ ఎక్కించాలి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు వేరే ఉన్నారు, నేను రాసేది దాని సెటప్. "నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్. దానికి ఒక మనిషి కావాలా?" అని మా ఇంట్లోనే నవ్వుతారు. కొత్త కంప్యూటరు మీద మొదటిసారి ఎక్కించేటప్పుడు వాళ్లన్నది నిజమే. చిక్కంతా రెండోసారి నుంచి.

నవరాత్రుల్లోనే పామూరు రోడ్డు నుంచి ఫోన్. మందుల షాపు పెద్దాయన, నాకు వరసకు బాబాయ్. "ఏందబ్బాయ్, కొత్తది ఎక్కించినాక బిల్లు కొడితే కాగితం రావట్లా. ఎక్కడ సేవ్ చెయ్యాలని అడగతా ఉంది. జనం నిలబడున్నారు." ఆ సాఫ్ట్‌వేర్ మాది కాదు, వేరే ఎవరో అమ్మింది. అయినా రోగం మాట వినగానే తెలిసిపోయింది. సెట్టింగుల ఫైల్లో ఉన్న థర్మల్ ప్రింటరు పేరు పోయింది, బిల్లు విండోస్‌తో వచ్చే పీడీఎఫ్ ప్రింటరుకు వెళుతోంది.

వెళ్లి ఆ ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. కొట్టు పేరు, జీఎస్టీ నంబరు, బిల్లు వరుస, ప్రింటరు, వాటి కిందే పన్ను రేట్లు. కొత్త సెటప్ ఆ ఫైలు మొత్తాన్నీ మార్చేసింది. మార్చకపోతే మందుల మీద 12 శాతమే పడుతూ ఉండేది, అది ఇంకా పెద్ద తంటా.

విండోస్ ఇన్‌స్టాలర్ 1999లో ఆఫీస్ 2000తో పాటు వచ్చింది. ఇలాంటి ఫైళ్ల గురించి దాంట్లో ఒక మర్యాద ఉంది. వెర్షన్ నంబరు లేని ఫైలైతే పుట్టిన తేదీ, చివరిసారి మారిన తేదీ చూస్తుంది. పుట్టాక మారిందంటే వాడుకునేవాళ్లు చెయ్యి పెట్టారని అర్థం, కాబట్టి జోలికి పోదు. మరి బాబాయ్ ఫైలు ఎందుకు పోయింది? మేజర్ అప్‌గ్రేడ్‌లో పాత వెర్షన్‌ను తీసేయడం, కొత్తది పెట్టడం అని రెండు పనులున్నాయి. తీసేయడం ముందు జరిగితే సెట్టింగుల ఫైలు కూడా దాంతోనే పోతుంది, ఇక తేదీలు చూడటానికి అక్కడేమీ మిగలదు. 2004లో మైక్రోసాఫ్ట్ ఓపెన్ సోర్సుగా వదిలిన పనిముట్టు విక్స్‌తో సెటప్ కడితే, మనం వేరే చెప్పకపోతే, ఈ వరసే వస్తుంది.

వరస మార్చి పాతదాన్ని చివర్లో తీసేయమనొచ్చు. అప్పుడు ఫైలు బతుకుతుంది. దాంతోపాటు 12 శాతం కూడా బతుకుతుంది!

నన్నడిగితే వరస ఎటు మార్చినా ఇది తెగేది కాదు. పన్ను రేట్లు ప్రభుత్వానివి, ప్రింటరు పేరు బాబాయ్‌ది. ఇద్దరి సొత్తు ఒకే ఫైల్లో పెట్టిన రోజే గొడవ మొదలైంది. నేను కట్టే సెటప్‌లో రేట్ల ఫైలు ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఉంటుంది, ప్రతిసారీ మారుతుంది. కొట్టువాళ్ల ఫైలు ప్రోగ్రామ్‌డేటాలో ఉంటుంది. దాన్ని సెటప్ పెట్టదు కాబట్టి తీసేయదు కూడా. సాఫ్ట్‌వేరే మొదటిసారి తెరిచినప్పుడు దాన్ని రాసుకుంటుంది, పాత సెట్టింగులు కనబడితే అప్పుడే తెచ్చుకుంటుంది. తెచ్చే పని సెటప్‌కు అప్పజెప్పకపోవడానికి కారణం ఉంది. విస్టా నుంచి విండోస్‌కు ఒక అలవాటు. పాతకాలపు సాఫ్ట్‌వేర్ ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయబోతే వద్దనకుండా, ఆ రాసింది చాటుగా ఆ లాగిన్ తాలూకు వర్చువల్‌స్టోర్ ఫోల్డర్లో దాస్తుంది. కొట్టు ఓనరు లాగిన్‌లో ఒక ప్రింటరు, కౌంటర్లో కుర్రాడి లాగిన్‌లో ఇంకో ప్రింటరు. అడ్మిన్ హక్కులతో నడిచే సెటప్‌కు ఈ రెండూ కనబడవు.

మిగతా జబ్బులు ఇంత లోతైనవి కావు. కంట్రోల్ ప్యానెల్లో ఒకే సాఫ్ట్‌వేర్ రెండుసార్లు కనబడిందంటే వెర్షన్ నంబరు చూడాలి. విండోస్ ఇన్‌స్టాలర్ మొదటి మూడు అంకెలే పోల్చుతుంది. 3.2.0.1 తర్వాత 3.2.0.2 ఇస్తే దాని లెక్కలో రెండూ ఒకటే. నంబరు సరిగ్గానే ఉందంటే, పాతది ఒక్క లాగిన్‌కు ఎక్కించి కొత్తది అందరికీ ఎక్కించి ఉంటారు. 1603 అని వస్తే మాత్రం ఆ నంబరు వల్ల ఉపయోగం లేదు, ఏదో చెడిందని తప్ప ఇంకేం చెప్పదు. పూర్తి లాగ్ తీసి, 'రిటర్న్ వాల్యూ 3' అని వెతికి, దాని పైనున్న పది ఇరవై లైన్లు చదవాలి. అసలు కారణం తొంభై పాళ్లు అక్కడే ఉంటుంది. (జర్మనీలో ఉన్న మనవాళ్లెవరైనా లాగ్ పంపితే ఆ మాట జర్మన్‌లో ఉంటుంది, ఇంగ్లీషులో వెతికితే దొరకదు.)

నేను ఎక్కువ భయపడేది పాత సెటప్‌కు. కొత్త వెర్షన్ ఎక్కేటప్పుడు పాతదాన్ని తీసేది కొత్త సెటప్ రాసుకున్న తెలివితో కాదు. ఆనాడు విండోస్ దాచిపెట్టుకున్న పాత సెటప్ ఫైలు, అంటే ఎంఎస్ఐ, చెప్పినట్టే తీస్తుంది. 'అన్‌ఇన్‌స్టాల్ చేస్తే డేటా తుడిచెయ్యి' అని అందులో ఎవరైనా రాసి, 'అప్‌గ్రేడ్ అయితే మాత్రం వద్దు' అన్న షరతు మరిచి ఉంటే, ఏళ్ల బిల్లులు ఒక్క ఫినిష్‌తో పోతాయి. అందుకే అప్‌గ్రేడ్ పరీక్షను ఖాళీ కంప్యూటరు మీద చేస్తే నేను ఒప్పుకోను. ముందు పాత వెర్షన్ ఎక్కించాలి, ప్రింటరు మార్చాలి, నాలుగు బిల్లులు కొట్టాలి, ఆ తర్వాతే కొత్తది.

ఆ దాచిన ఫైలు అసలు లేకపోతే ఇంకో తంటా. సి డ్రైవ్ నిండిందని ఎవరో ఒకరు విండోస్ లోపలి ఇన్‌స్టాలర్ ఫోల్డర్ ఖాళీ చేస్తారు. ఆ రోజు ఏమీ కాదు. రేట్లు మారి కొత్త వెర్షన్ ఎక్కించబోయినప్పుడు 1714 వస్తుంది, పాతది తీయలేకపోతున్నానని. అప్పుడు అచ్చంగా ఆ పాత ఎంఎస్ఐనే తెచ్చి చూపించాలి. అదే కోడ్ నుంచి మళ్లీ కట్టి ఇద్దామంటే కుదరదు. కట్టిన ప్రతిసారీ ప్యాకేజీ కోడ్ కొత్తది పడుతుంది, విండోస్ ఇది అది కాదంటుంది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు కొట్లకు ఇచ్చిన ఫైలు ఏదైతే ఉందో, ఆ ఫైలే కావాలి.