క్షణికావేశం – వ్యవధి: తెలుగు రచనలో ఆత్మహత్య చిత్రణ, నివారణ దృష్టి

వ్యాససంగ్రహం:
ఆత్మహత్యను గురించి తెలుగులో వెలువడిన రచనలు ప్రధానంగా రెండు అంశాలపై దృష్టి నిలిపాయి. ఒకటి కారణం, రెండవది మరణం. ఈ రెండింటికీ మధ్య ఉండే వ్యవధి, ఆ వ్యవధిలో ప్రమాదకరమైన సాధనం మనిషికి అందుబాటులో ఉందా లేదా అన్న ప్రశ్న దాదాపుగా చర్చకు రాలేదు. గురజాడ ‘పూర్ణమ్మ’ గేయకథ, పత్రికాభాష, ప్రభుత్వ పత్రాలు అనే మూడు రకాల రచనలను ఈ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. విషయస్వభావం దృష్ట్యా మరణపద్ధతుల వివరాలను ఇందులో ప్రస్తావించడం లేదు.

కీలకపదాలు: ఆత్మహత్యల నివారణ, క్షణికావేశం, వ్యవధి, సాధనాల అందుబాటు, పత్రికాభాష, గురజాడ, నిజాంపేట.

1. ఉపోద్ఘాతం

నిజాంపేట ఒకప్పుడు గ్రామపంచాయతీ. 2019లో బాచుపల్లి, ప్రగతినగర్‌లతో కలిసి నగరపాలక సంస్థగా మారింది. హైటెక్ సిటీకి వెళ్లి వచ్చే ఉద్యోగుల అపార్టుమెంట్లు, ఇంటర్మీడియట్ విద్యార్థుల వసతిగృహాలు ఇక్కడ పక్కపక్కనే పెరిగాయి. ఇక్కడి కుటుంబాలను పలకరిస్తే మూడు లోకాలు ఒకే ఇంట్లో కనిపిస్తాయి. తాతగారికి సొంత ఊళ్లో పత్తి చేనో, మిరప తోటో ఉంటుంది. మనవరాలు వసతిగృహంలో ఉండి పోటీపరీక్షకు చదువుతుంటుంది. కొడుకో, అల్లుడో అమెరికాలో ఉంటాడు. తెలుగు సమాజంలో ఆత్మహత్య గురించిన చర్చ ఎక్కువగా సాగినది కూడా ఈ మూడు చోట్లనే: పొలం, చదువుల గది, పరాయి దేశం. అందువల్ల ఈ పరిశీలనకు నిజాంపేటను నిలబడి చూసే స్థలంగా తీసుకున్నాను.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్యతో మరణించారు. వారిలో 13,044 మంది విద్యార్థులు. ఆ నివేదిక కుటుంబ సమస్యలకు 31.7 శాతం, అనారోగ్యానికి 18.4 శాతం అంటూ ఒక్కొక్క మరణాన్ని ఒక్కొక్క కారణం కింద చేర్చింది. మనిషి ప్రాణం తీసుకోవడానికి కారణం ఒక్కటే ఉంటుందన్న ఊహ ఈ పట్టికలోనే ఉంది. మన సాహిత్యంలోనూ, పత్రికల్లోనూ ఆ ఊహే బలంగా వేళ్లూనుకుంది.

2. ‘పూర్ణమ్మ’: వినిపించినా వినని మాట

ఆధునిక తెలుగు సాహిత్యంలో ఈ విషయాన్ని తలచుకోగానే గురజాడ అప్పారావు ‘పూర్ణమ్మ’ గుర్తుకు వస్తుంది. ముసలివానికి కట్టబెట్టిన బాలిక కథ ఇది. కన్యాశుల్కంపై తిరుగుబాటుగా దీనిని విమర్శకులు విశ్లేషిస్తూ వచ్చారు. ఆ విశ్లేషణ సమంజసమే. అయితే నివారణ దృష్టితో చదివినప్పుడు ఈ గేయకథలో మరో రెండు విశేషాలు కనిపిస్తాయి.

మొదటిది కథనంలోని సంయమనం. గురజాడ పూర్ణమ్మ మరణాన్ని చూపించడు. ఆమె పూలతో గుడికి వెళ్తుంది. సంజె వాలుతుంది, పశువులు ఇళ్లకు చేరుతాయి, ఆమె మాత్రం తిరిగి రాదు. పాఠకునికి దుఃఖం మిగులుతుంది గాని దృశ్యం మిగలదు. ఆత్మహత్య వార్తల్లో పద్ధతిని వర్ణించవద్దని భారత ప్రెస్ కౌన్సిల్ 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ వివేకం ఒక కవికి అంతకు ఒక శతాబ్దం ముందే ఉంది.

రెండవది పూర్ణమ్మ అప్పగింతలు. అత్తవారింటికి పంపే వేళ ఆమె అన్నదమ్ములతో మాట్లాడుతుంది. ఇంట సంతోషంగా ఉన్న సమయాల్లో తనను తలచుకోవాలని, తమ బిడ్డల్లో ఒకరికి తన పేరు పెట్టుకోవాలని కోరుతుంది. వినేవారికి అది కాపురానికి వెళ్లే పిల్ల బెంగగా తోస్తుంది. నేటి మానసిక వైద్యులు అటువంటి మాటలను ప్రమాదసూచికలుగా గుర్తిస్తారు. వీడ్కోలు ధ్వనించే మాటలు, తాను లేని కాలాన్ని గురించిన కోరికలు వినబడినప్పుడు ఆగి అడగాలని చెబుతారు. పూర్ణమ్మ చెప్పింది. ఆమె మాటలోని అర్థాన్ని అడిగి తెలుసుకున్నవారు లేరు. అప్పగింతలకూ సంజెవేళకూ మధ్య ఉన్న ఆ కొద్దిపాటి వ్యవధియే ఈ కథలోని అసలైన విషాదస్థలమని నా అభిప్రాయం.

ఇక్కడ ఒక పరిమితినీ గుర్తించాలి. పూర్ణమ్మ దుర్గను చేరిందన్న ముగింపు ఆమె మరణానికి పవిత్రతను కల్పిస్తుంది. ‘కన్యక’లోనూ అగ్నిప్రవేశం ధిక్కారంగా, వీరత్వంగా రూపుదాలుస్తుంది. సంఘసంస్కరణ దృష్టితో ఆ ముగింపులు శక్తిమంతమైనవి. కాని ‘అన్యాయానికి జవాబు మరణం’ అన్న అచ్చును అవి తరువాతి రచయితల చేతికి అందించాయి. తెలంగాణ ఉద్యమకాలంలో యువకుల మరణాలను ‘బలిదానాలు’గా కీర్తించిన భాషలో ఆ అచ్చు మళ్లీ కనిపించింది. ప్రాణాలు తీసుకోవద్దని ఉద్యమ నాయకులే పదే పదే విజ్ఞప్తి చేయవలసి వచ్చింది. కీర్తించే పాట ఒకవైపు, వద్దనే విన్నపం ఒకవైపు సాగిన కాలమది.

3. పత్రికాభాష: పాల్పడటం, తాళలేకపోవడం, క్షణికావేశం

తెలుగు పత్రికల్లో ఈ వార్తలకు స్థిరపడిన పదజాలం ఒకటి ఉంది. అందులో మూడు ప్రయోగాలను పరిశీలిద్దాం.

‘ఆత్మహత్యకు పాల్పడ్డాడు’ అన్నది మొదటిది. దొంగతనానికి, మోసానికి, దాడికి పాల్పడతారు. ఈ క్రియ నేరానికి చెందినది. భారత శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్ ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా పరిగణించిన కాలపు భాష ఇది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అటువంటి వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లు భావించాలని, శిక్షించరాదని, ప్రభుత్వం చికిత్స, పునరావాసం కల్పించాలని నిర్దేశించింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 309వ సెక్షన్ వంటి సాధారణ నిబంధన లేదు. చట్టం విడిచిపెట్టిన నేరభావాన్ని క్రియాపదం ఇంకా మోస్తూనే ఉంది.

‘అప్పుల బాధ తాళలేక’, ‘తల్లి మందలించిందని’, ‘మార్కులు తక్కువ వచ్చాయని’ అన్నవి రెండవ రకం. ఒక్క అసమాపక క్రియతోనో, ఒక్క ‘అని’తోనో జీవితమంతటినీ ఒక కారణానికి కట్టివేస్తాయి. ఇందులో రెండు ప్రమాదాలున్నాయి. అదే కష్టంలో ఉన్న పాఠకునికి మరణం సహజమైన పర్యవసానంగా కనిపిస్తుంది. ‘మందలించిన’ తల్లి బతికినన్నాళ్లూ ఆ శీర్షిక కింద బతకవలసి వస్తుంది.

మూడవది ‘క్షణికావేశం’. ఈ పదాన్ని మనం నిందగా వాడుతున్నాం. తొందరపడ్డాడని, బలహీనుడని సూచించడానికి వాడుతున్నాం. నిజానికి నివారణకు సంబంధించిన మొత్తం జ్ఞానం ఈ ఒక్క సమాసంలో ఇమిడి ఉంది. ఆవేశం క్షణికమైతే ఆ క్షణం గడిచిపోతుందన్నమాట. గడిచేదాకా మనిషిని కాపాడగలిగితే ప్రాణం దక్కుతుందన్నమాట. పదం మన దగ్గర ఉంది. దాని అర్థాన్ని చివరిదాకా అనుసరించలేదు. వేదన ఏళ్ల తరబడి పేరుకోవచ్చు. ప్రాణం తీసుకోవాలన్న ఉద్ధృతి మాత్రం చాలామందిలో కొద్ది నిమిషాలో, గంటలో ఉండి తగ్గుతుంది. ఈ రెండింటినీ వేరుచేసి చూడటం అవసరం.

4. ప్రభుత్వ పత్రాలు: కారణనిర్ధారణ

1997–98లో వరంగల్ ప్రాంతంలో పత్తి పంట పురుగుపాలై రైతులు వరుసగా ప్రాణాలు తీసుకున్నప్పుడు రైతు ఆత్మహత్యలు రాష్ట్ర రాజకీయాల్లో ప్రధాన విషయమయ్యాయి. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 421వ నంబరు ఉత్తర్వు ద్వారా బాధిత కుటుంబాలకు లక్షన్నర రూపాయల సహాయం ప్రకటించింది. 2015లో తెలంగాణ ప్రభుత్వం 173వ నంబరు ఉత్తర్వుతో దానిని ఆరు లక్షలకు పెంచింది. ఈ సహాయం అందాలంటే రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ శాఖల అధికారుల త్రిసభ్య కమిటీ మరణకారణాన్ని నిర్ధారించాలి. పట్టా, అప్పు పత్రాలు, శవపరీక్ష నివేదిక వంటివన్నీ చూపాలి. ఆ పత్రాలన్నీ అడిగే ప్రశ్న ఒక్కటే: ఇది ‘నిజమైన’ రైతు ఆత్మహత్యేనా? ప్రాణం తీయగల పదార్థం ఆ ఇంట్లో, ఆ రాత్రి, తాళం లేకుండా ఎందుకు ఉందన్న ప్రశ్న ఆ విచారణలో భాగం కాదు.

విద్యార్థుల విషయంలోనూ ధోరణి ఇదే. 2001లో నీరదా రెడ్డి కమిటీ, 2017లో చక్రపాణి కమిటీ కార్పొరేట్ కళాశాలల ఒత్తిడిని అధ్యయనం చేశాయి. 2019 ఏప్రిల్ 18న వెలువడిన తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాల్లో తప్పులు దొర్లాయి. ఇరవైకి పైగా విద్యార్థులు మరణించిన తరువాత త్రిసభ్య కమిటీ విచారణ, ఉచిత పునఃపరిశీలన జరిగాయి. ఫలితాలు వచ్చే రోజు ముందే తెలుసు. ఆ రెండు మూడు రోజులు పిల్లలు ఒంటరిగా ఉండకుండా చూడాలన్న ఏర్పాటు ఫలితాల ప్రకటనలో అంతర్భాగం కావాలన్న ఆలోచన మాత్రం మరణాల తరువాతే వచ్చింది.

ఈ ధోరణిలో స్పష్టమైన మలుపు 2025 జులై 25 నాటి సుప్రీంకోర్టు తీర్పు. విశాఖపట్నంలో వసతిగృహంలో ఉండి వైద్యవిద్య ప్రవేశపరీక్షకు చదువుతున్న విద్యార్థిని మరణంపై వచ్చిన కేసు అది. వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో అర్హత గల సలహాదారు ఉండాలని, వసతిగృహాల గదుల్లో భద్రతా పరికరాలు అమర్చాలని, మేడలపైకి, ప్రమాదకర స్థలాలకు రాకపోకలను నియంత్రించాలని కోర్టు నిర్దేశించింది. కారణంతో పాటు సాధనాన్నీ పట్టించుకున్న పత్రం ఇది.

5. వ్యవధికి ఉన్న విలువ

సాధనాన్ని దూరం చేస్తే మనిషి మరో దారి వెతుక్కుంటాడన్న అభిప్రాయం మనలో గాఢంగా ఉంది. ‘చావాలనుకున్నవాణ్ణి ఎవరాపగలరు’ అన్న మాట దానికి గుర్తు. పరిశోధన ఈ మాటను సమర్థించలేదు. శాన్‌ఫ్రాన్సిస్కో వంతెన వద్ద 1937–1971 మధ్య ఆపి కాపాడిన 515 మంది జీవితాలను ఒక అధ్యయనం అనుసరించింది. 1978లో దాని ఫలితాలు వచ్చేనాటికి వారిలో సుమారు 94 శాతం మంది జీవించే ఉన్నారు, లేదా సహజ కారణాలతో మరణించారు. శ్రీలంక 1995 నుంచి అత్యంత విషపూరితమైన పురుగుమందులను దశలవారీగా నిషేధించింది. తరువాతి రెండు దశాబ్దాల్లో అక్కడి ఆత్మహత్యల రేటు 70 శాతం మేర తగ్గింది. తమిళనాడులో లక్ష్మీ విజయకుమార్ బృందం గ్రామంలోని పురుగుమందులను బ్యాంకు లాకర్ల తరహాలో ఒకేచోట భద్రపరిచే ఏర్పాటును ప్రయోగాత్మకంగా పరీక్షించి 2013లో ఆశాజనకమైన ఫలితాలను ప్రకటించింది. హైదరాబాద్‌లోనే హుస్సేన్‌సాగర్ వద్ద లేక్ పోలీసులు ఏళ్లుగా చేస్తున్నది ఇదే. వారు ఎవరి అప్పూ తీర్చరు, ఎవరి కాపురమూ సరిదిద్దరు. ఆ గడియ దాటిస్తారు.

6. తుపాకి: ప్రవాస తెలుగువారికి కొత్త ప్రశ్న

భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం వల్ల సామాన్య గృహాల్లో తుపాకి అరుదు. పోలీసులకు, భద్రతా సిబ్బందికి మాత్రం అది నిత్యం పక్కనే ఉండే వస్తువు. ఇజ్రాయెల్ సైన్యం 2006 నుంచి వారాంతపు సెలవుల్లో సైనికులు ఆయుధాలు ఇళ్లకు తీసుకుపోకుండా నియంత్రించగా, వారిలో ఆత్మహత్యలు సుమారు 40 శాతం తగ్గాయి. సైనికుల కష్టాలు మారలేదు, వారాంతంలో ఆయుధం దగ్గర లేదు.

నిజాంపేట ఇళ్ల నుంచి పిల్లలు వెళ్లే అమెరికాలో పరిస్థితి వేరు. అక్కడ తుపాకి మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. ఇంట్లో ఆయుధం ఉండటమే ప్రమాదాన్ని పెంచుతుందని అక్కడి ప్రజారోగ్య నిపుణులు అంటారు. ఎవరైనా కుంగిపోయి ఉన్న రోజుల్లో ఆయుధాన్ని ఇంటి నుంచి బయటకు చేర్చడం, అది వీలుకానప్పుడు తూటాలు తీసి తాళం వేసి, తూటాలను వేరేచోట భద్రపరచడం వారి సూచన. ఆ తాళంచెవి కష్టంలో ఉన్న మనిషి దగ్గర ఉండకూడదు. ప్రవాస తెలుగు కథల్లో ఒంటరితనం, వీసా, ఉద్యోగభయం విస్తారంగా చిత్రితమయ్యాయి. ‘మీ గదిలోగాని, నీ స్నేహితుల ఇంట్లోగాని తుపాకి ఉందా నాన్నా?’ అని ఫోనులో అడిగే తల్లి ఇంకా పాత్రగా నిలదొక్కుకోవలసి ఉంది.

7. ఒక ఆక్షేపణ

సాధనాలను గురించి మాట్లాడితే కారణాలు మరుగున పడతాయని, పాలకులు గదులకు పరికరాలు బిగించి చేతులు దులుపుకొంటారని ఆక్షేపించవచ్చు. ఈ భయం నిరాధారం కాదు. గిట్టుబాటు ధర లేని రైతుకు, పద్నాలుగు గంటలు చదివే పిల్లకు, వివక్షకు గురైన విద్యార్థికి న్యాయం జరగాలి. అందులో రాజీ లేదు. అయితే న్యాయం జరగడానికి ఏళ్లు పడుతుంది. ఆ న్యాయాన్ని అందుకోవడానికి మనిషి బతికి ఉండాలి. కారణంపై పోరాటం సంవత్సరాల పని, సాధనాన్ని దూరం చేయడం ఈ రాత్రి పని. ఒకటి చేస్తున్నామని రెండవది మానడానికి వీలులేదు.

8. ముగింపు

తెలుగు రచన ఆత్మహత్యకు కారణాలను ధైర్యంగా చెప్పింది. మృతులకు గొప్ప ఎలిజీలు రాసింది. ఆగినవారి కథ, ఆపినవారి కథ, ఒక రాత్రి గడిపి తెల్లవారి లేచినవారి కథ తక్కువగా రాసింది. అటువంటి కథనాలు పాఠకులకు రక్షణగా పనిచేస్తాయని వియన్నా పరిశోధకులు 2010లో చూపారు. అన్యాయాన్ని తక్కువ చేయకుండానే ఈ కథలు రాయవచ్చు.

వార్తలు రాసేవారు ‘పాల్పడ్డాడు’ అన్న క్రియను విడిచి ‘ఆత్మహత్యతో మరణించారు’ అని రాయవచ్చు. ప్రతి వార్త చివరా ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416ను ముద్రించవచ్చు. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ సేవలో తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇక ఇంట్లోవారు చేయవలసినది పూర్ణమ్మ అన్నదమ్ములు చేయలేకపోయినది. వీడ్కోలులా ధ్వనించే మాట వినబడినప్పుడు ‘చనిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా, ప్రేమగా అడగాలి. అలా అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదని వైద్యులు చెబుతున్నారు. అడిగిన తరువాత పక్కనే కూర్చోవాలి, ప్రమాదకరమైనదాన్ని దూరంగా పెట్టాలి, ఆ క్షణం గడిచేదాకా ఉండాలి.