ఇంజిన్ పట్టేస్తే ముందు ఎవరిని అడగాలి?

వేళకు ఆయిల్ మార్పించి, కంపెనీ షోరూంలోనే సర్వీసింగ్ చేయించిన కారు ఇంజిన్ లక్ష కిలోమీటర్లైనా తిరగకముందే పట్టేస్తే, యజమానికి మొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటే: సర్వీసులు సక్రమంగా చేయించారా? ఆ ప్రశ్న అడగాల్సిందే. కానీ దాన్నే మొదట అడగడం, చాలాసార్లు అక్కడితోనే ఆగిపోవడం అన్యాయం. గత పదిహేనేళ్లలో అమెరికాలో రీకాల్ దాకా వెళ్లిన కొన్ని పెద్ద ఉదంతాల్లో లోపం కారు రోడ్డెక్కకముందే ఫ్యాక్టరీలో పుట్టింది.

హ్యుందాయ్ థీటా 2 ఇంజిన్‌నే తీసుకుందాం. క్రాంక్ షాఫ్ట్ లోపల ఆయిల్ పారడానికి సన్నని దారులు తొలుస్తారు. తొలిచినప్పుడు మిగిలిన లోహపు రజను పూర్తిగా కడిగేయకపోతే అది ఆయిల్‌తోపాటు కనెక్టింగ్ రాడ్ బేరింగులకు చేరుతుంది. అక్కడ బేరింగునూ షాఫ్టునూ ఒకదానికొకటి తగలకుండా కాపాడేది వెంట్రుక కన్నా పలచని ఆయిల్ పొర మాత్రమే. రజను అడ్డుపడి ఆయిల్ సరిగా అందకపోతే బేరింగు అరుగుతుంది, వేడెక్కుతుంది. మొదట టకటకమని చప్పుడు మొదలై, చివరికి ఇంజిన్ ఆగిపోతుంది. ఈ కారణంతోనే 2015లో దాదాపు 4.7 లక్షల సొనాటా కార్లను అమెరికాలో వెనక్కి పిలిచారు. 2017లో కియాతో కలిపి మరో 12 లక్షల దాకా కార్లు ఆ జాబితాలో చేరాయి. రీకాల్‌లో జాప్యం చేశారన్న ఆరోపణపై 2020లో రెండు కంపెనీలూ జరిమానాలు, భద్రతా ఖర్చులు కలిపి 21 కోట్ల డాలర్ల ఒప్పందానికి తలొగ్గాయి. లోపలి సంగతులు ప్రభుత్వానికి చెప్పింది హ్యుందాయ్ ఇంజినీరు కిమ్ గ్వాంగ్ హో. యజమాని ఎంత మంచి ఆయిల్ పోసినా ఆ రజనును ఏం చేయగలడు?

ఇది ఒక్క కంపెనీ కథ కాదు. నాణ్యతకు పేరుపడ్డ టయోటా కూడా ఇంజిన్లలో తయారీ రజను మిగిలిపోయి ఉండవచ్చంటూ 2024లో లక్షకు పైగా టండ్రా, లెక్సస్ బళ్లకు రీకాల్ ప్రకటించింది. 2025లో జనరల్ మోటార్స్ క్రాంక్ షాఫ్ట్, కనెక్టింగ్ రాడ్ లోపాలతో అమెరికాలోనే దాదాపు 6 లక్షల బళ్లను పిలిచింది. తనిఖీలో నెగ్గిన బళ్లకు ఇకమీదట మరింత చిక్కని ఆయిల్ వాడాలని చెప్పింది. అంటే అప్పటిదాకా పుస్తకంలో రాసిన పలచని ఆయిల్‌నే నిష్ఠగా పోయించిన యజమాని తప్పేమీ చేయలేదు. మారింది పుస్తకమే.

దీనికి రెండు అభ్యంతరాలు వినిపిస్తాయి. నిర్లక్ష్యం చేసే యజమానులు లేరా అన్నది మొదటిది. ఉన్నారు. ఆయిల్ మార్పించకుండా ఏళ్లు గడిపి కంపెనీని నిందించేవాళ్లకు ఈ వాదన వర్తించదు. ఆయిల్‌లో తడుస్తూ తిరిగే టైమింగ్ బెల్టున్న ఇంజిన్లలో తప్పుడు ఆయిల్ పోస్తే బెల్టు మెత్తబడి, దాని ముక్కలు ఆయిల్ జల్లెడకు అడ్డుపడతాయి. అయితే అంత సున్నితమైన డిజైన్ ఎంచుకున్నది కంపెనీయే కాబట్టి, ఆ సంగతి అమ్మేటప్పుడే విడమరిచి చెప్పాల్సిన బాధ్యతా దానిదే. లక్షల ఇంజిన్లలో కొన్ని చెడిపోవడం సహజం కదా అన్నది రెండోది. నిజమే. కానీ చెడినవి విడివిడి ఘటనలా, ఒకే లోపం పదేపదే కనిపిస్తోందా అన్నది ఒక్క కారున్న మనిషికి తెలియదు. వారంటీ లెక్కలన్నీ దగ్గరున్న కంపెనీకి తెలుస్తుంది. కనుక సర్వీసు రికార్డు సరిగ్గా ఉన్నప్పుడు, లోపం తనది కాదని నిరూపించే భారం కూడా తయారీదారు మీదే ఉండాలి.

మన దేశంలో 2019 నాటి మోటారు వాహనాల చట్ట సవరణ రీకాల్‌కు ఆదేశించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. అయితే ఆ ఏర్పాటు చాలావరకు ఫిర్యాదుల సంఖ్య మీద ఆధారపడింది. అందుకే కారున్నవాళ్లకు నా మనవి: ప్రతి సర్వీసు బిల్లూ దాచండి, ఏ గ్రేడు ఆయిల్ పోశారో అందులో రాయించండి. ఇంజిన్ విప్పేటప్పుడు దగ్గరుండి చూడండి, ఫొటోలు తీయండి, చెడిన బేరింగును పారేయనివ్వకండి. ఆ తర్వాత షోరూంతో రాజీపడి ఊరుకోకుండా ప్రభుత్వానికీ ఫిర్యాదు చేయండి. మీ ఫిర్యాదు లెక్కలోకి వస్తేనే మరొకరి ఇంజిన్ బతుకుతుంది.